జాక్‌పాట్ 100 కోట్ల డాలర్లు దాటిన వారాల్లో పవర్‌బాల్ టికెట్: పదేళ్ల తర్వాత నా అభిప్రాయం

2016 జనవరి రెండో వారంలో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో నేను రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలోని లాటరీ బోర్డు 999 మిలియన్ డాలర్ల దగ్గర, అంటే 99.9 కోట్ల దగ్గర, ఆగిపోయింది. ఆ బోర్డులో మూడంకెలకే చోటుంది కనుక, పవర్‌బాల్ అనే అమెరికా లాటరీ జాక్‌పాట్ (అన్ని అంకెలూ కలిస్తే వచ్చే పెద్ద బహుమతి) 100 కోట్ల డాలర్లు దాటిన సంగతిని అది చూపలేకపోయింది. అంతవరకు లాటరీ వైపు కన్నెత్తి చూడని నేను ఆ బోర్డు చూశాకే మొదటి టికెట్ కొన్నాను. జనవరి 13న తీసిన డ్రాలో 158.6 కోట్ల డాలర్లు కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెనెసీ రాష్ట్రాల్లో అమ్ముడైన మూడు టికెట్లకు సమానంగా వెళ్లాయి. నాకు ఏమీ రాలేదు. ఆ తర్వాత నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. జాక్‌పాట్ 100 కోట్లు దాటితే డ్రాకు ఒక్క టికెట్ కొంటాను, దాటకపోతే ఆ వైపే వెళ్లను. ఇలా ఇప్పటివరకు ఇరవై పైచిలుకు టికెట్లు కొన్నాను. ఈ టికెట్‌ను ఉన్నదానికి మించి నమ్మేవాళ్లు, జాక్‌పాట్ పెరిగిన కొద్దీ గెలిచే అవకాశం కూడా పెరుగుతుందనుకుని పదుల సంఖ్యలో కొనేవాళ్లు మనవాళ్లలో చాలామంది కనబడుతున్నందువల్ల, దీన్ని కూడా డబ్బిచ్చి కొనే ఒక వస్తువుగానే చూసి, దాని మంచిచెడ్డలు వివరంగా రాయాలనిపించింది.

ఆట సులువుగా అర్థమవుతుంది. 69 తెల్ల బంతుల్లో ఐదు, 26 ఎర్ర బంతుల్లో ఒకటి తీస్తారు. సోమ, బుధ, శనివారాల రాత్రి, తూర్పు కాలమానం ప్రకారం 10:59కి, ఫ్లోరిడా రాజధాని టాలహాసీలోని స్టూడియోలో డ్రా జరుగుతుంది. టికెట్ ధర 2 డాలర్లు. అలబామా, అలాస్కా, హవాయి, నెవాడా, యూటా తప్ప మిగిలిన 45 రాష్ట్రాల్లోనూ దొరుకుతుంది. ఆరు అంకెలూ కలిసే అవకాశం 29,22,01,338లో ఒకటి. ఇంత పెద్ద సంఖ్య మనసుకు అందదు కాబట్టి నేను దాన్ని మన లెక్కలోకి మార్చుకుంటాను. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనం ఎనిమిదిన్నర కోట్లకు కాస్త తక్కువ. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న ప్రతి మనిషి పేరూ ఒక్కో చీటీ మీద రాసి, అలాంటి కుప్పలు దాదాపు మూడున్నర ఒకచోట పోసి, కళ్లు మూసుకుని ఒకే ఒక్క చీటీ తీస్తే అందులో నా పేరు ఉండాలి. జాక్‌పాట్ 2 కోట్లున్నా 200 కోట్లున్నా ఈ అవకాశంలో వెంట్రుకవాసి తేడా కూడా రాదు.

జాక్‌పాట్లు ఇంతగా పెరగడం యాదృచ్ఛికం కాదు. 2015 అక్టోబరుకు ముందు 59 తెల్ల బంతులు, 35 ఎర్ర బంతులు ఉండేవి. అప్పుడు జాక్‌పాట్ అవకాశం 17.5 కోట్లలో ఒకటి. తెల్ల బంతులను 69కి పెంచి, ఎర్ర బంతులను 26కి తగ్గించడంతో ఒకే మార్పులో రెండు ఫలితాలు వచ్చాయి. జాక్‌పాట్ తగలడం చాలా కష్టమై, డ్రా తర్వాత డ్రా ఎవరికీ తగలక మొత్తం పేరుకుపోవడం మొదలైంది. అదే సమయంలో, ఎర్ర బంతి ఒక్కటి కలిసినా 4 డాలర్లు ఇస్తారు కనుక, ఏదో ఒక బహుమతి వచ్చే అవకాశం 31.85లో ఒకటి నుంచి 24.87లో ఒకటికి మెరుగుపడింది. అంటే చిన్న గెలుపులు ఎక్కువై ఆడేవారి ఆశ నిలబడింది, పెద్ద గెలుపు అరుదై బోర్డు మీది అంకె పెరిగింది. 2021 ఆగస్టులో సోమవారం డ్రా కూడా చేర్చడంతో ఆ అంకె ఇంకా వేగంగా పెరుగుతోంది. ఆట రూపకల్పనగా చూస్తే ఇది ఎంతో తెలివైన పని అని ఒప్పుకుంటాను, కానీ కొనేవాడు ఈ సంగతి తెలుసుకుని కొనాలి. నా ఇరవై పైచిలుకు టికెట్లలో ఒకే ఒక్కసారి 4 డాలర్లు వచ్చాయి, 24.87లో ఒకటి అన్న మాట నా విషయంలో అక్షరాలా నిజమైంది.

2025 సెప్టెంబరు 6, శనివారం సాయంత్రం కొన్న టికెట్ అనుభవం చెబుతాను. మూడు నెలలకు పైగా ఎవరికీ తగలకపోవడంతో ఆ రాత్రి జాక్‌పాట్ చివరికి 178.7 కోట్ల డాలర్లకు చేరింది. మా వీధి చివర ఉన్న గ్యాస్ స్టేషన్‌లో మామూలు శనివారాల్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఆ రోజు వరుస చల్లటి డ్రింకుల అల్మరాల దాకా సాగింది. టెక్సస్‌లో లాటరీ టికెట్‌కు నగదు కానీ డెబిట్ కార్డు కానీ ఇవ్వాలి, క్రెడిట్ కార్డు చెల్లదు. మన తరఫున టికెట్ కొనిపెట్టే యాప్‌లను కూడా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఈ రాష్ట్రంలో నిషేధించారు. అప్పు చేసి ఆడే వీలు లేకపోవడం, దుకాణానికి స్వయంగా వెళ్లవలసి రావడం, ఈ రెండూ నాకు నచ్చిన అంశాలు.

నా ముందు నిలబడిన మనిషి బూట్ల నిండా తెల్ల రంగు చుక్కలు. అప్పుడే ఏదో ఇంటికి రంగులు వేసి వస్తున్నట్టున్నాడు. ఆరో నంబరు పంపు మీద 40 డాలర్ల పెట్రోలు వేయమని రెండు ఇరవై నోట్లు కౌంటర్ మీద పెట్టాడు. గల్లా దగ్గరున్న నేపాలీ పెద్దాయన మీట నొక్కబోయే లోపు, తలెత్తి గోడ మీది జాక్‌పాట్ అంకె చూసి, పెట్రోలు 20కి చాలు, మిగతా 20కి పవర్‌బాల్ ఇమ్మన్నాడు. యంత్రం నుంచి బయటికొచ్చిన పొడుగాటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, ఆ జేబును ఒకసారి అరచేత్తో తడుముకుని వెళ్లిపోయాడు. వారం మధ్యలో మళ్లీ పెట్రోలు కోసం రావలసిన మనిషి అతను. ఆ పది వరుసలతో అతని అవకాశం 29 కోట్లలో ఒకటి నుంచి 29 కోట్లలో పదికి మారింది. లెక్క ప్రకారం పది రెట్లు పెరిగినట్టే. కానీ అతను ఎన్ని జన్మలెత్తి ఆడినా ఆ తేడా అతని అనుభవానికి రాదు. అసలు టికెట్ లేకపోవడానికీ ఒక టికెట్ ఉండడానికీ మధ్యనే తేడా ఉంది. మొదటి రెండు డాలర్లకు, డ్రా దాకా ఆలోచించుకునే హక్కు దొరుకుతుంది. అప్పు తీర్చడం, ఊళ్లో అమ్మకు ఇల్లు కట్టించడం, నచ్చని ఉద్యోగం మానేయడం లాంటి ఆలోచనలు ఆ రెండు మూడు రోజులూ మనసులో తిరుగుతాయి. మిగతా పద్దెనిమిది డాలర్లకు అందులో రవ్వంత కూడా ఎక్కువ దొరకదు. నేను ఒక్క టికెట్ దగ్గర ఆగడానికి కారణం ఇదే, ఈ సమీక్షలో ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట కూడా ఇదే.

జాక్‌పాట్ పెద్దదైనప్పుడు టికెట్ విలువ ధరను మించుతుంది కదా, అప్పుడు ఎక్కువ కొనడమే తెలివి కదా అని మా ఆఫీసులో లెక్కలు తెలిసిన కుర్రవాళ్లు వాదిస్తారు. ఆ వాదనను కొట్టిపారేయకుండా కాగితం మీద పెట్టి చూశాను. ఇప్పటివరకు అన్నిటికన్నా పెద్దది 2022 నవంబరు జాక్‌పాట్: 204 కోట్ల డాలర్లు, లాస్ ఏంజెలెస్ దగ్గరి ఆల్టడీనాలో అమ్ముడైన ఒకే టికెట్‌కు తగిలింది. బోర్డు మీద కనబడే ఆ మొత్తం 29 ఏళ్లలో 30 వాయిదాలుగా, ఏటా 5 శాతం పెరుగుతూ చేతికి వచ్చే డబ్బు. ఒకేసారి కావాలంటే ఇచ్చేది 99.76 కోట్లు, అంటే సగం కన్నా తక్కువ. అందులో ఫెడరల్ ఆదాయ పన్ను పై రేటు 37 శాతం పోతే మిగిలేది సుమారు 62.85 కోట్లు. దాన్ని సాధ్యమయ్యే 29.22 కోట్ల అంకెల కలయికల మీద పంచితే ఒక్కో టికెట్‌కు 2 డాలర్ల 15 సెంట్లు వస్తుంది. చిన్న బహుమతులన్నీ కలిపి టికెట్‌కు మరో 32 సెంట్ల విలువ ఉంది. ఇంతవరకు చూస్తే లాభంగానే కనబడుతుంది.

అయితే జాక్‌పాట్ పెద్దదైతే కొనేవాళ్లు కూడా పెరుగుతారు, పంచుకోవలసిన వాళ్లు కూడా పెరుగుతారు. నాతోపాటు అమ్ముడైన టికెట్ల సంఖ్య మొత్తం కలయికల సంఖ్యతో సమానమైతే, నేను గెలిచినప్పుడు నాకు దక్కే సగటు వాటా 63 శాతానికి పడిపోతుంది. అప్పుడు ఆ 2.15 డాలర్లు 1.36 అవుతాయి, 32 సెంట్లు కలిపినా 1.68 దాటవు. అన్నిటికన్నా పెద్ద జాక్‌పాట్ గతే ఇది. 2025 సెప్టెంబరులో ఒకేసారి ఇచ్చే మొత్తం 82.06 కోట్లు, పన్ను పోగా, పంపకం లెక్కలోకి రాకముందే టికెట్‌కు 1.77 డాలర్లు. ఆ డ్రాలో మిస్సోరీలో ఒకటి, మా టెక్సస్‌లోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఒకటి, రెండు టికెట్లు గెలిచి సగం సగం పంచుకున్నాయి. 2016లో ముగ్గురు పంచుకున్న సంగతి ముందే చెప్పాను. పెద్ద జాక్‌పాట్ల విషయంలో పంపకం ఊహించుకోవలసిన ప్రమాదం కాదు, తరచూ జరుగుతున్న విషయమే.

అన్ని కలయికలూ కొనేస్తే అన్న ఆలోచన కొందరికి వస్తుంది. 2023 ఏప్రిల్‌లో లోటో టెక్సస్ అనే రాష్ట్ర లాటరీలో ఒక బృందం ఉన్న 2.58 కోట్ల కలయికల్లో దాదాపు అన్నీ కొని, 9.5 కోట్ల డాలర్ల జాక్‌పాట్ నిజంగానే గెలుచుకుంది. పవర్‌బాల్‌లో ఆ పని చేయాలంటే 58 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి, మూడు రోజుల్లో 29 కోట్ల టికెట్ల ముద్రణ కావాలి. అంతా చేశాక మరెవరైనా గెలిస్తే సగం వాళ్లదే.

కౌంటర్ దగ్గర ఇంకో డాలర్ ఇస్తే పవర్ ప్లే వేయనా అని అడుగుతారు. వద్దనండి. అది జాక్‌పాట్‌ను పెంచదు, కింది బహుమతులనే కొన్ని రెట్లు పెంచుతుంది. పైగా పది రెట్ల అవకాశం జాక్‌పాట్ 15 కోట్లు మించనప్పుడే ఉంటుంది కనుక, మనం కొనే ఈ పెద్ద వారాల్లో అది ఉండనే ఉండదు. పవర్‌బాల్ లాంటిదే మరో పెద్ద అమెరికా లాటరీ మెగా మిలియన్స్ టికెట్ 2025 ఏప్రిల్ నుంచి 5 డాలర్లయింది. జాక్‌పాట్ అవకాశం 29.05 కోట్లలో ఒకటి, అంటే పవర్‌బాల్‌తో ఇంచుమించు సమానం. ఆశ కోసం కొనేవారికి రెండు డాలర్లదే మేలు.

అంకెల ఎంపిక విషయంలో మనవాళ్ల అలవాటు మార్చుకుంటే బాగుంటుంది. పిల్లల పుట్టినరోజులు, పెళ్లిరోజు, సంఖ్యాశాస్త్రం చెప్పే తొమ్మిది కూడికలు, ఇవి ఎక్కువగా 1 నుంచి 31 లోపే తిరుగుతాయి. ఏ అంకెలకైనా గెలిచే అవకాశం ఒకటే అయినా, అందరూ ఎంచుకునే అంకెలతో గెలిస్తే పంచుకోవలసినవాళ్లు ఎక్కువమంది ఉంటారు. 2005 మార్చి 30న జరిగిన డ్రాలో రెండో బహుమతికి దేశమంతటా 110 మంది గెలిచారు. మోసం జరిగిందేమోనని అధికారులు ఆరా తీస్తే, న్యూయార్క్‌లోని ఒక కర్మాగారంలో తయారైన చైనా రెస్టారెంట్ల ఫార్చ్యూన్ కుకీల్లోని చీటీ మీద ఆ అంకెలు ఉన్నాయని, అందరూ అవే వేశారని తేలింది. రెండో బహుమతి అప్పుడు ఎవరికి వారికి ఇచ్చే స్థిరమైన మొత్తం కనుక వాళ్లు నష్టపోలేదు. అదే ఆరో అంకె కూడా కలిసి ఉంటే జాక్‌పాట్‌ను 110 వాటాలు వేసుకోవలసి వచ్చేది. అందుకే నేను క్విక్ పిక్ అడిగి, యంత్రం ఇచ్చిన అంకెలే తీసుకుంటాను.

టికెట్ కాగితం నాణ్యత గురించి చెప్పక తప్పదు. అది వేడికి నల్లబడే థర్మల్ కాగితం. 2023 జులైలో టికెట్‌ను కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రానికి అంకెలు, బార్‌కోడు మొత్తం మసిపూసినట్టు నల్లగా మారిపోయాయి, దుకాణంలోని స్కానర్ దాన్ని చదవలేకపోయింది. అందులో ఏ అంకెలున్నాయో నాకు ఈ రోజుకీ తెలియదు. తప్పు నాదే. అప్పటి నుంచి టికెట్ చేతికి రాగానే వెనుక సంతకం చేసి, రెండు వైపులా ఫొటో తీసి, ఇంట్లో పాస్‌పోర్టులుండే కవరులో పెడుతున్నాను. టెక్సస్‌లో బహుమతి అడగడానికి డ్రా తేదీ నుంచి 180 రోజుల గడువుంది, ఆ తర్వాత ఎంత పెద్ద మొత్తమైనా రాదు.

చందాలు వేసుకుని కొనడంలోనూ ఒక చేదు అనుభవం ఉంది. నేను గతంలో పనిచేసిన ఒకచోట 14 మందిమి తలా 10 డాలర్లు వేసుకుని 70 టికెట్లు కొన్నాం. కొన్న మిత్రుడు ఫొటోలు డ్రా అయ్యాక పంపించాడు. వచ్చినవి రెండు నాలుగులు, ఒక ఏడు, మొత్తం 15 డాలర్లు. ఆ ఏడు డాలర్ల టికెట్ చందాలోది కాదని, తాను విడిగా కొనుక్కున్నదని అతనన్నాడు. ఏడు డాలర్ల కోసం ఇద్దరు స్నేహితులు నెల రోజులు మాట్లాడుకోకపోవడం కళ్లారా చూశాను. అదే జాక్‌పాట్ అయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె గుబేలంటుంది. చందాలో చేరితే, ఎవరెంత ఇచ్చారో రాసిన కాగితం, అన్ని టికెట్ల ఫొటోలు డ్రాకు ముందే అందరికీ చేరాలి. స్నేహం మీద గౌరవం ఉన్నవాళ్లే ఈ జాగ్రత్త ముందుగా అడగాలి.

వీసా మీద ఉన్నవారు ఆడవచ్చా అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఆడవచ్చు, పౌరసత్వం అవసరం లేదు, టెక్సస్‌లో 18 ఏళ్లు నిండితే చాలు. కానీ గెలుపు వీసాను మార్చదు. హెచ్-1బి మీద ఉన్న మనిషి కోట్లు గెలిచినా, ఆ హోదా నిలబెట్టుకోవాలంటే ఉద్యోగం చేస్తూనే ఉండాలి, లేదా వేరే హోదాకు మారాలి. పన్ను లెక్కలో అమెరికా నివాసి అయితే పెద్ద బహుమతి మీద ఇచ్చేటప్పుడే 24 శాతం కోసుకుంటారు, మిగతా పన్ను రిటర్ను వేసేటప్పుడు కట్టాలి. ఆ తేడాను ముందే పక్కన పెట్టుకోవాలి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేకపోవడం, 10 లక్షల డాలర్లు, ఆపైన గెలిచినవారు పేరు బయటకు రాకుండా ఉంచమని కోరగలగడం ఇక్కడివారికి అనుకూలం. కాలిఫోర్నియాలో లాటరీ మీద రాష్ట్ర పన్ను లేదు కానీ పేరు దాచుకునే వీలు లేదు.

ఆ సెప్టెంబరు శనివారం ఉదయమే గుంటూరు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. టీవీలో చూశాడట. “బావా, నా పేరు మీద కూడా ఒక పది టికెట్లు తీసుకోండి, డబ్బులు ఇప్పుడే పంపిస్తాను” అన్నాడు. వద్దని గట్టిగానే చెప్పాను. భారతదేశం నుంచి లాటరీ టికెట్ల కోసం విదేశాలకు డబ్బు పంపడం విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనల కింద నిషిద్ధం. ఆన్‌లైన్‌లో అమెరికా లాటరీ ఆడిస్తామని హైదరాబాద్, విజయవాడ ఫోన్లకు వచ్చే ప్రకటనలను నమ్మి డబ్బు కట్టడమూ ఆ పరిధిలోకే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లాటరీలు అమ్మరు. కేరళకు వెళ్లినప్పుడు కొనుక్కోగలిగే ఓణం బంపర్‌లో 500 రూపాయల టికెట్‌కు మొదటి బహుమతి 25 కోట్ల రూపాయలు. అది డ్రా తర్వాత డ్రా పేరుకుపోయే జాక్‌పాట్ కాదు, ఆ ఏడాది అమ్ముడైన టికెట్లలో ఒకదానికి తగిలి తీరుతుంది. ఈ తేడా వివరించాక, “అయితే మీ టికెట్‌లో నా పేరు కూడా తలచుకోండి బావా” అన్నాడు. తలచుకున్నాను.

ఆ రాత్రి తెల్ల బంతులు 11, 23, 44, 61, 62; ఎర్ర బంతి 17. నా టికెట్‌లో 23 ఒక్కటే ఉంది. ఆదివారమంతా ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో గెలిచింది ఎవరన్నదే అందరి నోటా మాట. సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ అదే గ్యాస్ స్టేషన్‌లో ఆగాను. గోడ మీద అంకె మళ్లీ 20 మిలియన్లకు, అంటే 2 కోట్ల డాలర్లకు దిగింది, వరుస లేదు, నేపాలీ పెద్దాయన కాఫీ యంత్రం తుడుచుకుంటున్నాడు. ఒక కాఫీ తీసుకుని ఇంటికి వచ్చాను.